గునుగు కొనుక్కునే రోజులు

బతుకమ్మ వచ్చిందంటె హన్మకొండ, వరంగల్ బజార్లల్ల గునుగు కట్టలు, తంగేడు కొమ్మలు అమ్మకానికి వస్తయి. చేన్లకు పోయి తెంపుకొచ్చుకునే పూలను పైసలు పెట్టి కొంటున్నం. రెండిటినీ ఒక్క తాంబాలంలనే పేరుస్తం గని, రెండిటి బతుకు ఒక్క తీరు కాదు.

గునుగు వానకు మొలుస్తది, పూస్తది, నల్లగ మెరిసే సన్న గింజలు రాల్చి ఎండిపోతది. మళ్ల ఏడు ఆ గింజలు మొలిస్తెనే పువ్వు. దాని ఇల్లు మన పత్తి చేను, మక్క చేను. రైతుకు అది కలుపు. నిజమే, పంట బలం గుంజుకుంటది, రైతును తప్పు పట్టలేం. గని ఎనుకట చేతులతోని కలుపు తీస్తె ఒడ్డు పొంటి నాలుగు మొక్కలు మిగిలేవి. ఇప్పుడు గడ్డిమందు ఒడ్డును గూడ ఇడుస్తలేదు.

తంగేడు గట్లు, బంజర్లల్ల పెరిగే పొద. ఏండ్లకేండ్లు ఉంటది, కొమ్మ ఇరిస్తె మళ్ల చిగురు పెడ్తది, రాళ్ల నేలల గూడ పూస్తది, పశువులు పెద్దగ ముట్టయి. దాని బెరడుతోని తోళ్లు పదును చేసేటోళ్లు, ఆకు పొలానికి ఎరువు. గసొంటి మొండిదానికి భయం జేసీబీతోని. బంజరు ప్లాట్లయితె, గుట్ట క్వారీ అయితె వేర్లతోని పోతది. 2014ల రాష్ట్ర పుష్పం అయ్యింది, సంతోషమే. ఆ పేరు జేసీబీని ఆపదు కదా!

మరి ఇవి అంతరించిపోయే మొక్కలా? కాదు. గునుగు ఆసియా, ఆఫ్రికాలల్ల మస్తుగ ఉంటది. తంగేడు దక్షిణ భారతం, శ్రీలంక పొడి నేలలల్ల ఉంటది. ఎర్ర జాబితా అంటె లోకం మొత్తం మీద ఒక జాతికి ఎంత ముప్పు ఉందన్న లెక్క. మన ఊరి శివారుల పువ్వు మాయమైతె ఆ లెక్కకు తెల్వది, పూలకు పోయిన అమ్మలక్కలకు తెలుస్తది.

రెండిటికీ ఒక్కటే మందు పనిచెయ్యది. తంగేడుకు జాగ కావాలె: గట్టు, చెరువు కట్ట, బడి ప్రహరీ పొంటి. ఎండిన కాయల గింజలు ఏరి వానలు పడంగనే ఏస్తె సాలు. గునుగుకు కావాల్సింది గింజ రాలే టైము. దాని కంకి కింది నుంచి పూసుకుంట పైకి పోతది, కొస పూసేటప్పటికి కింద గింజ ముదురుతుంటది. అందుకే అంత తెంపకుండ్రి, కొన్ని మొక్కలు ఒడ్డు మీద ఎండనియ్యుండ్రి. ఈ వానకాలం చేన్ల ఎట్లైనా మందు కొడ్తరు, ఒక్క ఒడ్డునన్న ఇడ్వుమని ఇంట్ల అడుగుండ్రి.