బిస్కెట్ పొడి, చాక్లెట్, ఓ నోట్‌బుక్

ఓవెన్ లేదు. కేక్ టిన్ను లేదు. రూమ్‌లో ఉన్నదల్లా ఒక ఇండక్షన్ స్టవ్, ఓనర్ వాళ్లు వదిలేసిన పాత ఫ్రిజ్. వీటితో చాక్లెట్ బార్స్ చేయొచ్చా? హాయిగా చేయొచ్చు. కిరాణా షాపులో దొరికే బిస్కెట్లు పొడి చేసి, కరిగించిన బటర్ కలిపి అడుగున పరచాలి. పైన చాక్లెట్ పోసి, గట్టిపడ్డాక ముక్కలు కోయాలి. అంతే. ఇంత తేలిక కాబట్టే, తిన్నవాళ్లు నాలుగు మెచ్చుకోళ్లు ఇవ్వగానే 'ఇవి అమ్మితే ఎలా ఉంటుంది?' అన్న ఆలోచన వస్తుంది.

నాకూ వచ్చింది. ఓ ఏప్రిల్ నెలలో ఫ్రెండ్ వాళ్ల ఆఫీసు ఫేర్‌వెల్‌కి 30 ముక్కల ఆర్డర్ తీసుకున్నా. ముక్క 25 రూపాయలు. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు చక్కగా, అంచులు పదునుగా ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఆటోలో 40 నిమిషాలు ప్రయాణం. తీరా అక్కడ డబ్బా మూత తీస్తే పైన చాక్లెట్ పులుసు, కింద బిస్కెట్ ఇసుక! అందరూ స్పూన్లు తెచ్చుకుని తిన్నారు, బాగుందనీ అన్నారు. కానీ డబ్బులు తీసుకోవడానికి నాకే మొహం చెల్లలేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఓ పాత జోకు ఉంది. ప్రోగ్రామ్ ఆగిపోయిందని ఎవరైనా చెబితే, 'నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోందిగా' అంటాం. నేను ఆ రోజు చేసింది అదే. నా ఫ్రిజ్ పక్కన నిలబడి తింటే బాగుంది కాబట్టి అందరి దగ్గరా బాగుంటుందనుకున్నా. మీరు సరదాకి చేసుకున్నా, నాలుగు డబ్బులు సంపాదిద్దామని చేసినా, ఆ పొరపాటు మీకు ఎదురు కాకూడదనే ఇదంతా.

సున్నుండ సూత్రమే

ముందు అడుగు పొర సంగతి. బిస్కెట్ పొడిని పట్టి ఉంచేది కొవ్వు. వేడిగా ఉన్నప్పుడు బటర్ పొడిలోకి ఇంకుతుంది, చల్లారాక గడ్డకట్టి రేణువుల్ని అతుక్కునేలా చేస్తుంది. సున్నుండల్లో నెయ్యి చేసే పని కూడా ఇదే కదా! ఇంట్లో అమ్మ సున్నుండల పిండిని పిడికిట్లో నొక్కి, ఉండ నిలుస్తుందో లేదో చూసి ఇంకాస్త నెయ్యి పోస్తుంది. ఇక్కడా అదే పరీక్ష. కలిపిన పొడిని గుప్పిట్లో నొక్కి వదిలితే ముద్దలా నిలవాలి. వేలితో తాకితే విడిపోవాలి. నొక్కగానే చేతికి నూనె కారుతోందంటే బటర్ ఎక్కువైనట్టే.

బటర్ ఎంత అన్నది మీరు కొన్న బిస్కెట్‌ని బట్టి మారుతుంది. మారీ లాంటి సాదా బిస్కెట్లలో కొవ్వు తక్కువ. 200 గ్రాముల పొడికి 100 గ్రాముల దాకా బటర్ పడుతుంది. బోర్బన్, ఓరియో లాంటి క్రీమ్ బిస్కెట్లయితే మధ్యలో ఉన్న క్రీమే సగం పని చేస్తుంది. వాటిని క్రీమ్‌తో సహా పొడి చేస్తే 60 గ్రాములు చాలు. ఈ తేడా తెలియక ఒకే కొలత అన్నింటికీ వాడితే ఒకసారి రాలిపోతుంది, ఇంకోసారి పంటికి తగలనంత గట్టిగా అవుతుంది.

బటర్ బదులు నెయ్యి వేయొచ్చా? వేయొచ్చు. బటర్‌లో కొవ్వు దాదాపు 80 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ నీరే. నెయ్యి మొత్తం కొవ్వే. కాబట్టి 100 గ్రాముల బటర్ చోట 80 గ్రాముల నెయ్యి సరిపోతుంది. వాసన మాత్రం చాక్లెట్‌ని కాస్త డామినేట్ చేస్తుంది.

ఎండాకాలం లెక్క

ఇప్పుడు పై పొర. కరిగిన చాక్లెట్‌లో ఫ్రెష్ క్రీమ్ కలిపితే వచ్చే మిశ్రమాన్ని గనాష్ అంటారు. నేను ఆ రోజు చాక్లెట్, క్రీమ్ సమానంగా కలిపా. అది కేక్ మీద పోసుకునే కొలత. బార్ నిలబడాలంటే బరువులో రెండు వంతుల చాక్లెట్‌కి ఒక వంతు క్రీమ్ ఉండాలి. ఇది డార్క్ చాక్లెట్‌కి. మిల్క్ చాక్లెట్ మెత్తన, కాబట్టి మూడు వంతులకి ఒక వంతు వేసుకోండి.

చాక్లెట్‌లోనూ రెండు రకాలు. అసలు చాక్లెట్‌లో ఉండే కొవ్వు కోకో బటర్. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు, అందుకే నోట్లో పెట్టుకోగానే వెన్నలా జారిపోతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 40 దాటాక డబ్బాలో కూడా అంతే జారిపోతుంది మరి! రెండో రకం కాంపౌండ్. కోకో బటర్ బదులు ఇతర వనస్పతి కొవ్వులతో చేస్తారు. ధర తక్కువ, వాడటం తేలిక. రుచిలో తేడా తెలుస్తుంది. ఏది వాడినా క్రీమ్ కలిపాక ఎండకి మెత్తబడక తప్పదు. పగలు దూరం పంపాలంటే డబ్బా కింద ఐస్ జెల్ ప్యాక్ పెట్టండి, లేదంటే సాయంత్రం పంపండి.

చేద్దామా మరి!

8 అంగుళాల చదరపు టిన్ను కావాలి. అది లేకపోతే అడుగు సమంగా ఉన్న స్టీలు డబ్బా ఏదైనా సరే. లోపల బటర్ పేపర్ వేసి అంచులు పైకి వదలండి. తర్వాత పట్టుకుని లేపడానికి అదే హ్యాండిల్.

మారీ బిస్కెట్లు 200 గ్రాములు మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మిక్సీ లేకపోతే గట్టి ప్లాస్టిక్ కవర్లో వేసి చపాతీ కర్రతో దంచండి. సన్న రవ్వలా రావాలి. కరిగించిన బటర్ 100 గ్రాములు కలిపి, టిన్నులో పరిచి, స్టీలు గ్లాసు అడుగుతో మూలల దాకా గట్టిగా నొక్కండి. అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

ఈలోగా 300 గ్రాముల డార్క్ చాక్లెట్‌ని సన్నగా తరగండి. 150 గ్రాముల ఫ్రెష్ క్రీమ్‌ని చిన్న మంట మీద వేడి చేయండి. అంచుల దగ్గర చిన్న బుడగలు రాగానే దించేయాలి, తెర్లనివ్వొద్దు. వేడి క్రీమ్‌ని చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి, మధ్యలోంచి మెల్లగా కలపండి. గిన్నె, గరిటె పొడిగా ఉండాలి. చాక్లెట్ విడిగా కరిగించేటప్పుడు రెండు చుక్కల నీళ్లు పడ్డా గడ్డలు కడుతుంది. గనాష్ విరిగి నూనె తేలినట్టు కనిపిస్తే కంగారుపడి పారేయొద్దు. గోరువెచ్చని పాలు ఒక్కో చెంచా వేస్తూ కలిపితే చాలాసార్లు దారికొస్తుంది. బటర్ ఉప్పు లేనిదైతే చిటికెడు ఉప్పు వేయండి.

బిస్కెట్ పొర మీద పోసి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. కోసేటప్పుడు చాకుని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక్కో కోత కోయండి. అటు నాలుగు, ఇటు నాలుగు... మొత్తం 16 ముక్కలు. క్రీమ్ ఉంది కాబట్టి ఫ్రిజ్‌లోనే పెట్టి మూడు రోజుల్లో తినేయాలి.

ఒకసారికి ఒకే మార్పు

మొదటిసారే అన్నీ కుదరకపోవచ్చు. అప్పుడే చాలామంది తొందరపడతారు. రాలిపోయిందని బటర్ పెంచి, బిస్కెట్ మార్చి, చాక్లెట్ బ్రాండూ మార్చేస్తారు. రెండోసారి బాగా వచ్చిందనుకోండి, దేనివల్ల వచ్చింది? తెలీదు. కోడ్‌లో ఒకేసారి మూడు చోట్ల వేలు పెడితే బగ్ ఎక్కడుందో ఎలా తెలియదో ఇదీ అంతే.

కొన్ని వందల రూపాయల్లో చిన్న డిజిటల్ కాటా వస్తుంది. ముందు అది కొనండి. 'ఒక కప్పు' అంటే మీ కప్పు వేరు, మా కప్పు వేరు. గ్రాములు ఎక్కడైనా గ్రాములే. పక్కన ఓ నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, బిస్కెట్ రకం, బటర్ ఎంత, చాక్లెట్-క్రీమ్ ఎంత, ఫ్రిజ్‌లో ఎన్ని గంటలు అన్నవి రాయండి. చివరి గడి ముఖ్యం. ఒక ముక్క తీసి బల్ల మీద పెట్టి, ఎన్ని నిమిషాలకి వేలిముద్ర పడిందో చూసి రాయండి. నేను ఆర్డర్‌కి ముందు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆటో ఎక్కేవాణ్నే కాదు.

ఆ 25 రూపాయల్లో మీకెంత?

నా రెండో తప్పు చాక్లెట్ కరగకపోయినా బయటపడేదే. ధర. ఉదాహరణకి ఒక ట్రేకి బిస్కెట్లు 35, బటర్ 60, చాక్లెట్ 150, క్రీమ్ 45, పేపర్ వగైరా 10 రూపాయలు అనుకుందాం. మొత్తం 300. మీ వీధి షాపు రేట్లు వేరుగా ఉంటాయి, అవే వేసుకోండి. 16 ముక్కలకి పంచితే ముక్కకి 19 రూపాయల లోపే. 25కి అమ్మితే ఆరు రూపాయల లాభం! నేనూ ఇలాగే లెక్కేశా.

ఇప్పుడు 30 ముక్కల ఆర్డర్ చూడండి. రెండు ట్రేలకి 600. నాలుగేసి ముక్కలు పట్టే డబ్బాలు ఎనిమిది, ఒక్కోటి 12 చొప్పున 96. మొత్తం 696. వచ్చేది 750. మిగిలేది 54 రూపాయలు. ఆటోకి ఇచ్చింది 120. అంటే అంతా సవ్యంగా జరిగినా నా జేబులోంచే 66 పోయేది. నా సాయంత్రం మొత్తానికి విలువ సున్నా.

ఇంకోలా వేద్దాం. ట్రేకి గంటన్నర పని, గంటకి 100 చొప్పున మీ కూలి 150. సామాన్లతో కలిపి 450. కోతలో విరిగేదో, రుచి చూసేదో ఒకటి తీసేస్తే 15 ముక్కలు. ఒక్కోటి 30, డబ్బా ఖర్చు 3... మొత్తం 33. ఇది అసలు. లాభం, రవాణా దీని పైన. 'అంత పెడితే ఎవరు కొంటారు?' అనిపిస్తే చిన్న ముక్కలు కోయండి, డెలివరీ చార్జీ విడిగా తీసుకోండి, లేదా అమ్మడం మానేసి ఫ్రెండ్స్‌కి పెట్టండి. మూడూ మంచి నిర్ణయాలే. మన కూలి సున్నా అనుకుని ధర తగ్గించడమే చెడ్డది. పది ఆర్డర్లు అయ్యాక ఓపిక అయిపోతుంది.

అమ్మే ముందు

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కిందకి వస్తారు. చిన్న వ్యాపారాలకి ఉండే రిజిస్ట్రేషన్‌ని ఫాస్కాస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. 14 అంకెల నంబర్ ఇస్తారు. డబ్బా మీద తయారుచేసిన తేదీ, 'ఫ్రిజ్‌లో ఉంచండి' అన్న మాట, గోధుమ, పాలు ఉన్నాయన్న సంగతి తప్పక రాయండి. చాక్లెట్లలో సోయా కూడా ఉంటుంది, రేపర్ చూసి అదీ చేర్చండి. ఎవరికైనా పడకపోతే వాళ్లకి ముందే తెలియాలి కదా. కాంపౌండ్ వాడితే కాంపౌండ్ అనే చెప్పండి.

ఈ ఆదివారం సగం ట్రే చేసి చూడండి. 100 గ్రాముల బిస్కెట్లు, 50 బటర్, 150 చాక్లెట్, 75 క్రీమ్. ఎనిమిది ముక్కలొస్తాయి. ఏడు పంచి, ఒకటి మధ్యాహ్నం రెండింటికి బల్ల మీద పెట్టి ఫోన్‌లో టైమర్ ఆన్ చేయండి. వేలిముద్ర పడగానే ఆ నిమిషాలు నోట్‌బుక్‌లో రాసి, ఆ ముక్క తినేయండి.