భితరకనికకు ముహూర్తం

మొసలిని చూడటానికి కూడా ముహూర్తం కావాలా అని మా ఇంట్లో నన్ను ఆటపట్టించారు. కావాలండీ! రెండుసార్లు అనుకుని కుదరక, మూడోసారి పంచాంగం ముందేసుకుని కూర్చుంటే గాని మా ప్రయాణం ఒక కొలిక్కి రాలేదు.

మేముండేది బరంపురంలో. అక్కావాళ్లు యానాంలో. వేసవి సెలవులకు అందరం కలుస్తాం గనక, మే నెలలో ఒడిశా కేంద్రాపడా జిల్లాలోని భితరకనిక చూద్దామనుకున్నాం. బ్రాహ్మణి, వైతరణి నదులు సముద్రంలో కలిసేచోట పెరిగిన మడ అడవి అది. అందులో 145 చదరపు కిలోమీటర్లు 1998లో జాతీయ వనమైంది. భద్రక్‌కి రైలు టిక్కెట్లు తీసుకున్నాక తెలిసింది, మే 1 నుంచి జూలై 31 దాకా ప్రవేశం లేదని. ఆ రోజుల్లో ఆడమొసలి ఆకులూ మట్టీ పోగుచేసి గుట్టలా గూడు కట్టి గుడ్లు పెడుతుందట. పిల్లలు బయటికొచ్చేదాకా కాపలా కాస్తుందట. "పురిటింటికి చుట్టాలు పోతారటే?" అని అమ్మ తేల్చేసింది. టిక్కెట్లు రద్దు చేసుకున్నాం.

పోనీ సంక్రాంతికి వెళదామంటే, జనవరిలో మొసళ్ల లెక్క తీయడానికి మళ్లీ కొన్నాళ్లు మూత! మన రెండు సెలవులూ వాటికే పోయాయి. విసుగొచ్చింది గాని, లెక్క సంగతి విన్నాక కోపం తగ్గింది. 1975లో సంరక్షణ మొదలుపెట్టిననాటికి ఇక్కడ మిగిలిన ఉప్పునీటి మొసళ్లు 95. ఇప్పుడు 1,800 దాటాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు మాత్రం ఇది పూర్తిగా సంతోషించే సంగతి కాదు. రేవులో దిగినవాళ్లను మొసలి లాక్కుపోయిన సందర్భాలున్నాయి. స్నానాల రేవులకు అటవీశాఖ కంచెలు కట్టించింది. పడవలోంచి చేతులు నీళ్లలో పెట్టొద్దని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పాలి.

వానాకాలంలో వెళితే కొంగల గూళ్లు వేలకొద్దీ చూడొచ్చు. కాని అమ్మ మోకాళ్లతో ఆ జారుడులో నడవలేదు. అక్టోబరంటే తుఫాను భయం. 2024 అక్టోబరు 24 అర్ధరాత్రి వేళ 'దానా' తీరం దాటింది అక్కడే. ఇక మిగిలింది మాఘమాసం. చలికి మొసళ్లు ఒంటికి వేడి పట్టించుకోవడానికి గట్లమీద ఎండలో పడుకుంటాయి గనక అదీ మంచిదే.

అప్పుడు ఫోనులో బావగారు అసలు మాట చెప్పారు. గోదావరి ఒడ్డున పుట్టి, ఎదురుగా కోరింగ మడ అడవిని చూస్తూ పెరిగిన మనిషి. "నెల చూస్తే చాలదమ్మా, తిథి చూడు" అన్నారు.

పౌర్ణమి, అమావాస్యలకు పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. పాటు తీసినప్పుడు నీరు బాగా వెనక్కిపోయి బురద గట్లు బయటపడతాయి. మొసళ్లు కనబడేది ఆ గట్లమీదే. అష్టమి దగ్గరపడేకొద్దీ పోటుపాట్లు చప్పబడతాయి. పైగా పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక, పడవవాళ్లు చెప్పే వేళ కూడా రోజుకోటి.

పిల్లలు పౌర్ణమే కావాలని పట్టుబట్టారు. నాకూ ఆశగానే ఉంది. అయితే నీరు అంత కిందికి పోయిన వేళ రేవు మెట్లు బురదతో మెరుస్తుంటాయి. పడవకూ మెట్టుకూ మధ్య ఎత్తు పెరుగుతుంది. అమ్మ ఎలా దిగుతుంది? "నన్నొదిలేసి వెళ్లండర్రా" అంది. అలా అంటుందని తెలుసు. అందుకే మాఘ బహుళ సప్తమి ఖాయం చేశాను. గట్లు కొంచెమే బయటపడతాయి, నాలుగు మొసళ్లు తక్కువ కనబడొచ్చు. పిల్లలకు రెండురోజులు బడి పోతుంది. దానికి వాళ్ల అభ్యంతరమేమీ లేదు.

భద్రక్‌లో దిగి, కారులో చాందబాలి చేరి, అక్కణ్ణించి పడవలో దంగమాల్. రాత్రి బస అక్కడి అటవీశాఖ కాటేజీల్లోనే. అవి ముందుగానే రిజర్వు చేసుకోవాలి. పడవతనికి రెండుసార్లు ఫోను చేసి, నీరు నిండుగా ఉన్నప్పుడే ఎక్కించాలని, దిగేచోట ఇద్దరు మనుషులు సాయం ఉండాలని చెప్పాను.

అమ్మ అప్పుడే మోకాలి పట్టీ, చేతికర్ర సర్దుకుంది. బైనాక్యులర్స్ మాత్రం ఇంకా ఎవరూ కొనలేదు.