సుమతీ శతకము - బాలపఠనము

తెలుగు బాలురకు మొదట కంఠస్థమగు గ్రంథములలో సుమతీ శతకము ముఖ్యమైనది. దానిని బద్దెన కృతిగా చెప్పు సంప్రదాయము కలదు. కర్తృత్వ వివాద మిచట అప్రస్తుతము. తన కోపమే తనకు శత్రువనియు, అపకారికిని ఉపకారమే చేయవలెననియు బోధించు ఆ శతకమే స్త్రీ విశ్వాసమును పాముల చెలిమితో ఒకే పద్యమున జతపరచినది. కరణములపై విసురులును అందు గలవు. ఇట్టి గ్రంథమును నేటి పిల్లలకు నేర్పవలెనా?

ఈ దోషము లన్నియు ఒక్క తీరువి కావు. మాకు చేరువనున్న శంషాబాదు ప్రాంతమునే ఉదాహరణముగా తీసికొందము. పరంపరాగత గ్రామోద్యోగములు 1984లో రద్దయినవి. పైగా ఆ గ్రామములలో ఆ ఉద్యోగిని పట్వారీ యనిరి. కరణమన నెవరో అచటి బాలునకు మొదట చెప్పవలసియుండును. కాలమే ఆ ములుకును మొద్దుచేసినది. స్త్రీని గూర్చిన పద్యము సంగతి వేరు. 2008లో ప్రారంభమైన విమానాశ్రయమున ఉద్యోగము చేసి తల్లి యిల్లు నడుపుచుండగా, ఆమె కూతురు స్త్రీ నమ్మదగినది కాదను పద్యమును తరగతిలో అప్పజెప్పవలసివచ్చును.

కథను చదివి మరతుము. కందము మరపునకు రాదు. నాలుగు పాదములను ద్వితీయాక్షర ప్రాస బిగించును, చతుర్మాత్రా గణముల నడక నాలుకకు పట్టును. అర్థము తెలియకమున్నే పద్యము మనసున కుదురుకొనును. కనుక పెద్దవారైన పిదప పిల్లలే తెలిసికొందురను సమాధానము మాకు తృప్తి కలిగింపదు.

మాటలు మార్చిన సరిపోవునందురా? 2023లో ఆంగ్ల బాలసాహిత్యకారుడు రోల్డ్ డాల్ గ్రంథములను ప్రకాశకులు అట్లు మార్పగా విమర్శ చెలరేగెను; పూర్వపాఠములను గూడ అచ్చులో నిలుపుదుమని వారు ప్రకటింపవలసివచ్చెను. కందమున ఆ పని మరింత దుష్కరము. ఒక పదము తీసిన గణమో, యతియో, ప్రాసయో చెడును. అన్నియు కుదిరినను ఆ పద్యము దిద్దినవానిదే యగును. కాని శతకము ముక్తకముల కూర్పు. ఒక పద్యమును విడిచినను తక్కినవానికి లోపము రాదు. చిన్న తరగతులలో ఏరిన పద్యములను చెప్పుటే ఉచితమని మా యభిప్రాయము. పరిశోధకుని ప్రతిలో మాత్రము ఒక్క యక్షరమును మరుగుపరుపరాదు.

విడిచిన పద్యమును పై తరగతిలో తప్పక చదివింపవలెను. అందు అన్యస్త్రీల వలపును నమ్మవలదని చెప్పుటచే, వినువాడు పురుషుడేయని కవి ముందుగానే తలచినట్లు తెలియుచున్నది. రాజుల నమ్మికయు బొంకేయని అదే పద్యము చెప్పినది. లోకము ఆ ముక్కను ఏలనో అంతగా వల్లింపలేదు. ఈ రెండు సంగతులను తొమ్మిదవ తరగతి బాలిక ఒకరు చెప్పకయే పట్టగలదు.