మీటరు మిణుకులు చెప్పే లెక్క

కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు వచ్చాయంటే గుంటూరు, ఒంగోలు వైపు ఇళ్లలో ఫ్యాన్లకు ఇక విశ్రాంతి ఉండదు. ఎండలకు పేరుపడిన రెంటచింతల సంగతి చెప్పనే అక్కరలేదు. మే నెల దాటేసరికి కరెంటు బిల్లు చూసి ఇంట్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. వెంటనే వినిపించే మాట: "ఒరే, ఆ లైటు ఆర్పండిరా!" పాపం, నింద ఎప్పుడూ లైటుదే! వెలుగుతున్న లైటు కంటికి కనిపిస్తుంది. వంటింటి మూల గుయ్యిమంటూ నిలబడ్డ ఫ్రిజ్జు ఎంత తింటున్నదో కనిపించదు.

ఇంతకీ అసలు దొంగ ఎవరు? పట్టుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. ఒక చేతి గడియారం, కాగితం, పెన్సిలు, మీ తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం చాలు.

ముందుగా యూనిట్టు అంటే ఏమిటో గుర్తు చేసుకుందాం. వెయ్యి వాట్ల పరికరం ఒక గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి ఒక యూనిట్టు. నూరు వాట్ల పరికరం పది గంటలు పనిచేసినా అంతే. అంటే వాట్లను చూస్తే సరిపోదు, వాటిని గంటలతో గుణించాలి. ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లది. పది నిమిషాల్లో రెండు జతల బట్టలు ఇస్త్రీ చేస్తే యూనిట్టులో ఆరో వంతు ఖర్చవుతుంది. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లే. కాని రోజుకు 16 గంటలు తిరిగితే 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. మూడు గదుల్లో మూడు ఫ్యాన్లయితే 108! కుందేలు, తాబేలు కథలో లాగా ఇక్కడ కూడా ముందుకు పోయేది తాబేలే.

లైటు మీద నింద ఎలా తొలగింది?

పెద్దవాళ్ల మాటలో పూర్వం న్యాయం లేకపోలేదు. తీగ కాలి వెలిగే పాత బల్బు తీసుకునే విద్యుత్తులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. నాలుగు 60 వాట్ల బల్బులు వెలిగితే మూడు ఫ్యాన్లు తిరిగినంత ఖర్చు. పైగా గది వేడెక్కడం అదనం!

2014లో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు జిల్లాలను ఎంచుకుని ఒక మార్పిడి పథకం పెట్టారు. ఆ నాలుగింటిలో గుంటూరు ఒకటి. మిగిలినవి అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం. ఇంటికి రెండేసి 60 వాట్ల పాత బల్బులు తెచ్చి ఇస్తే, బల్బుకు పది రూపాయల చొప్పున తీసుకుని రెండు 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు ఇచ్చారు. ఒక్కొక్క బల్బు మీద 53 వాట్ల ఆదా. రోజుకు అయిదు గంటలు వెలిగే రెండు బల్బులకు నెల తిరిగేసరికి సుమారు 16 యూనిట్లు మిగులుతాయి. 2015 జనవరిలో ఇటువంటి పథకమే దేశమంతటికీ వచ్చింది. దానికి తరువాత ఉజాలా అని పేరు పెట్టారు. ఆ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. పెద్ద మొత్తంలో కొనడం వల్ల 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016కు 38 రూపాయలకు దిగింది. తమాషా ఏమిటంటే, గుంటూరు ఇళ్లలో బల్బులు మారిన ఆ 2014లోనే, నీలికాంతి ఎల్.ఇ.డి.ని సాధించినందుకు అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ నీలికాంతి లేనిదే మనకు తెల్లని ఎల్.ఇ.డి. వెలుగు లేదు.

కాబట్టి మీ ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బులే ఉంటే దొంగను వేరే చోట వెదకాలి.

మీటరును చదవడం

మీ ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. గమనించారా? మీటరు పలక మీద యూనిట్టుకు ఎన్ని మిణుకులో అచ్చువేసి ఉంటుంది. 1600, 3200 వంటి అంకెలు కనిపిస్తాయి. మీ మీటరు 3200 ది అనుకుందాం. ఒక యూనిట్టు అంటే 36,00,000 జౌళ్లు. దాన్ని 3200తో భాగిస్తే 1125. అంటే దీపం ఒకసారి మిణుక్కుమన్నదంటే ఇంట్లో 1125 జౌళ్లు ఖర్చయినట్లు. రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 1125ని ఆ సెకన్లతో భాగించండి. వచ్చినవే వాట్లు!

ఫ్రిజ్జు ప్లగ్గుతో సహా అన్నీ ఆపి ఒక్క ఫ్యాను మాత్రం వేయండి. 15 సెకన్లకు ఒక మిణుకు వస్తే అది 75 వాట్ల ఫ్యాను. ఇస్త్రీపెట్టె పెడితే సెకనుకు కాస్త అటూ ఇటూగా ఒకటి వస్తుంది. పది మిణుకులకు పట్టిన కాలం చూసి పదితో భాగిస్తే పొరపాటు తగ్గుతుంది. దూరం నుంచి చూడటమే మన పని. మీటరు పెట్టెను, సీలును, తీగలను ముట్టుకోకూడదు. ప్లగ్గులు తీసేటప్పుడు పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి.

ఇక అసలు పరీక్ష. ఇంట్లో అన్ని స్విచ్చులూ కట్టేసి మీటరు ముందు అయిదు నిమిషాలు నిలబడండి. దీపం కదలకుండా ఉంటే సంతోషమే. రెండు నిమిషాలకు ఒకసారి మిణుక్కుమంటే ఎక్కడో పది వాట్లు పోతున్నాయన్నమాట. రిమోటుతో ఆపిన టీవీ, దాని కింద వెచ్చగా ఉండే సెట్‌టాప్ బాక్సు ముందుగా అనుమానించదగినవి. పది వాట్లేగా అనుకోకండి. ఇరవైనాలుగు గంటలూ, ముప్పై రోజులూ అంటే 7.2 యూనిట్లు, అది కూడా టీవీ చూడనందుకు! ఇన్వర్టరును మరిచిపోవద్దు. ముసలిదైన బ్యాటరీ ఎంత ఛార్జి పెట్టినా నిండదు, కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అన్నీ ప్లగ్గుల నుంచి తీసేశాక కూడా మిణుకులు వేగంగా వస్తుంటే చెమ్మగోడలో వైరింగు నుంచి విద్యుత్తు భూమిలోకి కారుతూ ఉండవచ్చు. లేదా అద్దె ఇళ్లలో జరిగేటట్లు మెట్ల లైటో, పక్క వాటా మోటారో మీ మీటరుకు తగిలించి ఉండవచ్చు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. కారుతున్న విద్యుత్తు డబ్బుకే కాదు, ప్రాణానికీ ముప్పు.

చివరి యూనిట్టు ఖరీదు

శ్లాబు అంటే ఇంటి పైకప్పు అనుకునేరు! దాని సంగతి తరువాత. కరెంటు ధరలకూ శ్లాబులున్నాయి. 2022-23 ధరల పట్టిక ప్రకారం రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు.

250 యూనిట్లు వాడిన ఇంటికి ఇతర రుసుములు కాక 1235 రూపాయల 75 పైసలు అవుతుంది. వాడకం 200కు తగ్గితే 867 రూపాయలు. లెక్క వేసి చూడండి. యూనిట్లు అయిదో వంతే తగ్గాయి, డబ్బు దాదాపు మూడో వంతు తగ్గింది! మనం మానుకున్నవి చవక యూనిట్లు కావు, పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లు. ఒక చిన్న జాగ్రత్త: బిల్లు పెరిగినప్పుడు రీడింగుల మధ్య ఎన్ని రోజులు గడిచాయో కూడా చూడండి. మొత్తం యూనిట్లను రోజులతో భాగించి పోల్చాలి.

మిరప గోదాము నేర్పే పాఠం

గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగులు మీకు తెలిసినవే. వేడికీ వెలుతురుకూ ఎండుమిరప రంగు వెలిసిపోతుంది. అందుకని అమ్ముడుపోని టిక్కీలను వాటిలో దాస్తారు. ఆ గిడ్డంగి గోడలకు వేడిని చొరనివ్వని మందపాటి పలకలు ఉంటాయి. తలుపు అస్తమానం తెరవనివ్వరు. ఎందుకు? చల్లదనాన్ని లోపలికి పంపడమంటూ ఏమీ లేదు. లోపలి వేడిని బయటికి తోడెయ్యడమే యంత్రం పని. పడవలోని నీళ్లు తోడినట్లు, ఎంత వేడి లోపలికి చేరితే అంత తోడాలి.

ఫ్రిజ్జు ఇంట్లో ఉన్న బుల్లి గిడ్డంగి. తలుపు అంచున ఉండే రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగండి. కాగితం తేలికగా జారి వస్తే ఆ సందున వేడి చొరబడుతున్నదన్నమాట. తోడిన వేడి ఫ్రిజ్జు వెనుక నుంచో పక్కల నుంచో బయటికి పోవాలి. దాన్ని గోడకు ఆనించి, పైన గుడ్డలు కప్పి, పొయ్యి పక్కన పెడితే పాపం ఎక్కడికి పోతుంది? 2006లో మొదలైన నక్షత్రాల లేబులు మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. 240 అని ఉంటే నెలకు 20. అది ప్రయోగశాల లెక్క. పల్నాటి మే నెల వంటింట్లో అంతకన్నా ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు ఆ రెండో శ్లాబు సంగతి. కాంక్రీటు కప్పు పగలంతా ఎండను మింగి, రాత్రి పడుకునే వేళకు ఆ వేడిని కిందికి వదులుతుంది. తెల్లని పూత ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. సున్నానికి పేరుపొందిన పిడుగురాళ్ల మన దగ్గరే ఉన్నది. వేసవికి ముందు డాబా మీద రెండు పూతలు సున్నం వేయడం నిజానికి మంచి విద్యుత్ పథకం! ఏ.సి. ఉన్న ఇంట్లో అయితే ఇది మరీ ముఖ్యం. 2020 జనవరి నుంచి తయారయ్యే స్టార్ లేబులు ఏ.సి.లు వేయగానే 24 డిగ్రీలకు నిలిచేటట్లు నియమం ఉంది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు నూటికి ఆరు వంతులు ఆదా అని విద్యుత్ పొదుపు సంస్థ లెక్క. ఫ్యాన్లలో కూడా బి.ఎల్.డి.సి. అనే కొత్తరకం మోటారుతో వచ్చేవి 30 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటాయి. పాత పెట్టె రెగ్యులేటరు వాడుతుంటే, ఫ్యాను నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి దగ్గరగా చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. ఫ్యానుకు పోని విద్యుత్తు అక్కడ వేడవుతున్నది.

బోరు మోటారు

మెట్ట ప్రాంతాల్లో, కనిగిరి, దర్శి వైపు ఇళ్లలో, మోటారును లెక్కలోంచి వదలడానికి వీల్లేదు. 500 లీటర్ల నీటిని 60 మీటర్లు పైకి ఎత్తాలంటే కావలసిన పని 500 × 9.8 × 60, అంటే 2,94,000 జౌళ్లు. యూనిట్టులో పన్నెండో వంతే! మరి నిజంగా ఖర్చయ్యేది? మోటారులోను, పంపులోను, గొట్టాల్లోను నష్టాలు పోగా, బాగున్న మోటారుకే దీనికి మూడు నాలుగు రెట్లు పడుతుంది. అంతకన్నా చాలా ఎక్కువైతే గొట్టం ఎక్కడో కారుతూ ఉండాలి, లేదా పంపు లోపలి చక్రాలు అరిగి ఉండాలి. బోరు ఎంత లోతు వేశారన్నది కాదు, నీటిమట్టం ఎంత లోతున ఉన్నదన్నదే ఇక్కడ ముఖ్యం. వేసవిలో మట్టం పడిపోతే అదే ట్యాంకుకు ఎక్కువ యూనిట్లు కావాలి.

ట్యాంకు నిండటానికి పట్టిన నిమిషాలు, ఆ సమయంలో మీటరు మిణుకులు, ట్యాంకు లీటర్లు. ఈ మూడూ సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి, మే నెలాఖరుకు ఒకసారి నోటుబుక్కులో రాయండి. లీటర్లను యూనిట్లతో భాగిస్తే వచ్చే అంకె మూడుసార్లూ ఒకటిగా ఉండదు. ఎంత తగ్గిందో చూసి, మీ ఊరి నీటిమట్టం ఎన్ని మీటర్లు దిగిందో లెక్క కట్టగలరేమో ప్రయత్నించండి.