గండం గడిచాక వచ్చే దిగులు

గుండె డాక్టర్ల వెయిటింగ్ రూములో కుర్చీల గుడ్డ వెనక బాగానే ఉండి, ముందంచు దగ్గర మాత్రం అరిగిపోవడం ఎప్పుడైనా విన్నారా? 1950లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో గుండె డాక్టర్లు మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోజెన్‌మన్‌ల దగ్గర ఆ చిత్రాన్ని కుర్చీలు బాగుచేసే మనిషి కనిపెట్టాడని చెబుతారు. పేషెంట్లు నిలకడగా కూర్చోలేక అంచుమీదికి జరిగేవారట. ఎప్పుడూ తొందర, పోటీ, కోపం కలిసిన ఈ తత్వానికే 1959 నుంచి ‘టైప్ ఎ’ అని పేరు పడింది.

ఈ తత్వం గుండెకు చేటని అనుకున్నారు. అయితే 1988లో కథ అడ్డం తిరిగింది. గుండెజబ్బు దాడి చేశాక తొలి 24 గంటలు గట్టెక్కినవారిలో టైప్ ఎ వాళ్ల మరణాలే తక్కువని తేలింది!

టైప్ డి అని మరొకటుంది. లోపల దిగులు, బెంగ; పైకి మాత్రం ఒక్క మాట రాదు. బెల్జియం మనస్తత్వవేత్త యోహాన్ డెనోలెట్ దీన్ని 14 ప్రశ్నలతో కొలిచారు. ఇలాంటివారికి గుండెజబ్బు మరింత ప్రమాదమని మొదట గట్టిగా చెప్పారు, తర్వాతి పరిశోధనల్లో అంత బలం కనబడలేదు. కాబట్టి ‘నా స్వభావమే ఇంత’ అని ఎవరూ బెదిరిపోనక్కర్లేదు.

అలాగని కోలుకోవడంలో మనసు పాత్ర లేదని కాదు. గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 51 మంది మగవాళ్లను మనస్తత్వవేత్తలు షీయర్, కార్వర్‌ల బృందం గమనించి 1989లో ఫలితాలు ప్రకటించింది. మంచే జరుగుతుందని ముందునుంచీ నమ్మినవాళ్లు మంచంమీద లేచి కూర్చోవడం, గదిలో నాలుగడుగులు వేయడం మిగతావారికన్నా ముందే మొదలుపెట్టారు.

ఇక అసలు సంగతి. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగినా ఇంటికొచ్చాక చాలామందికి ఊరకే ఏడుపొస్తుంది. దగ్గొస్తే దిండును రొమ్ముకు అదిమి పట్టుకోవాలి, పక్కకి ఒత్తిగిలాలంటే భయం, నిద్రలో పీడకలలు, పలకరించడానికి వచ్చినవాళ్లమీద విసుగు. కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మనసుకు మాత్రం గడువెందుకు ఇవ్వం? చాలామందిలో ఈ దిగులు కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. తగ్గకపోతే తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 817 మంది బైపాస్ పేషెంట్లను పరిశీలిస్తే 38 శాతం మందిలో ఆపరేషన్‌కు ముందే డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. అది తీవ్రంగా ఉన్నవారిలోనూ, ఆరు నెలలకీ వదలనివారిలోనూ తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువ.

దీనికి మందుంది, మాటకూడా మందే. పిట్స్‌బర్గ్‌లో బైపాస్ తర్వాత డిప్రెషన్‌లో పడ్డవారికి నర్సులు ఎనిమిది నెలలపాటు ఫోన్ చేసి మాట్లాడుతూ, డాక్టర్లతో కలిసి చికిత్స నడిపించారు. మామూలు వైద్యం అందినవారికన్నా వీరు బాగా కోలుకున్నారని 2009లో ప్రకటించారు.

మీ ఇంట్లో బైపాస్ అయినవారుంటే ‘ధైర్యంగా ఉండాలి’ అని చెప్పేసి లేచిపోకండి. రాత్రి నిద్రపట్టిందా, మనసెలా ఉంది అని అడగండి. దిగులు రెండు వారాలు దాటితే చెకప్‌కు వెళ్లినప్పుడు బీపీ, షుగర్‌లతోపాటు ఆ మాటా డాక్టరుకు చెప్పండి. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మాత్రం ఒక్క రోజుకూడా ఆగవద్దు.