తండా వెండి, తండా సూది

కామారెడ్డి జిల్లా గాంధారి చుట్టూ లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. శ్రావణంలో తీజ్ వచ్చిందంటే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు, తొమ్మిది రోజులు ఆడిపాడి వాటిని నీళ్లలో కలుపుతారు. ఆ సందడిలో ఒకరిద్దరు ముసలి యాడీలు (అమ్మలు) పాత వేషంలో కనిపిస్తే చూపు తిప్పుకోలేం. చెంపల పక్కన వేలాడే ఘుగ్రి, టోప్లి, ముక్కుకు భూరియా, మెడకు హాస్లి, చేతుల నిండా తెల్లటి బలియాలు, అద్దాల రవిక కాంచళి, కుచ్చిళ్ల లంగా ఫేటియా, తల మీద ముసుగు టుక్రి. కోడళ్లు చీరల్లో ఉంటారు, మనవరాళ్లు డ్రెస్సుల్లో. ఇంత బరువు మోస్తూ ఈ పెద్దవాళ్లు పనీపాటా ఎట్లా చేసుకున్నారని చూసినవాళ్లకు అనిపించక మానదు.

ఆ బరువు వెనక వందల ఏళ్ల నడక ఉంది. గోర్ అని తమను తాము పిలుచుకునే ఈ జనం ఎద్దుల వీపున ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. 17వ శతాబ్దంలో దక్కన్ మీదికి దండెత్తి వచ్చిన మొఘల్ సైన్యాలకు తిండిగింజలు అందించింది వీళ్ల బిడారులే. నిలకడైన ఇల్లు లేదు, పట్టా భూమి లేదు, సొమ్ము దాచి తాళం వేసుకునే చోటు లేదు. అందుకే సంపాదనంతా వెండిగా మారి ఆడవాళ్ల ఒంటి మీదికి ఎక్కింది. కరువొచ్చినా, కాలం కలిసిరాకపోయినా ఒక కడియం సావుకారు దగ్గరికి పోయేది. మంచి రోజులొస్తే మళ్లీ ఒంటికి చేరేది.

రూపాయి నాణేలను బట్టలకు, దండలకు కుట్టుకున్నది కూడా ఆ లెక్కతోనే. బ్రిటిష్ కాలపు రూపాయి బరువు 11.66 గ్రాములు. 1940కి ముందు అచ్చైన వాటిలో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. ఏ ఊళ్లో అమ్మబోయినా కల్తీ అని పేరు పెట్టి ధర తగ్గించడం తేలిక కాదు. గవ్వలదీ అలాంటి చరిత్రే. మాల్దీవుల సముద్రంలో పుట్టి, బెంగాల్, ఒడిశా సంతల్లో చిల్లరగా చెల్లిన గవ్వలు తండాలో గణో మీదికి చేరాయి. గణో అంటే నీళ్ల బిందె కింద తలకు పెట్టుకునే చుట్టకుదురు. దాని చుట్టూ గవ్వలు వరుసగా కుడతారు. గణోతో పాటు వాడే కుట్టుపని ముక్క ఫూలియా.

నగ చెప్పే మాట కూడా ఉంది. ఘుగ్రి, టోప్లి పెళ్లయిన ఆడవాళ్లవి, భర్త పోతే తీసేస్తారు. బలియాలు ఒకప్పుడు కలిగినవాళ్లకు ఏనుగు దంతం, లేనివాళ్లకు ఎముక లేదా కొమ్ము. దంతం వ్యాపారం మీద 1989లో అంతర్జాతీయ నిషేధం పడింది. ఇప్పుడు కనిపించేవి ప్లాస్టిక్‌వి.

1900 ప్రాంతంలో కామారెడ్డి మీదుగా మన్మాడ్ దాకా రైలు మార్గం పడింది. ఉప్పు బస్తా రైలెక్కాక ఎద్దుల బిడారుకు పని తగ్గింది. తిరిగే జనం అడవి అంచుల్లో తండాలు కట్టుకుని సేద్యంలోకి దిగారు. విత్తనాలకు, వైద్యానికి, పిల్లల చదువుకు వెండి కరుగుతూ వచ్చింది. దాని చోటులోకి జర్మన్ సిల్వర్ వచ్చింది. పేరులో వెండి ఉన్నా ఆ లోహంలో ఉన్నది రాగి, నికెల్, జింకు. ఒంటి మీద బరువు అలాగే మిగిలింది, ఆపద్ధనం మాత్రం పోయింది. పట్నం బస్సులో అందరూ తేరిపార చూస్తుంటే ఆ వేషం పక్కన పెట్టేసిన ఆడపిల్లను నేను తప్పుపట్టలేను.

ఇలాంటి కథ చాలా దూరాన ఆర్మేనియన్లకూ ఉంది. వాళ్ల ఆడవాళ్లూ తలపాగాకు వెండి నాణేలు కుట్టుకునేవారు. పెళ్లికి వెండి నడికట్టు ఇచ్చేవారు. వాన్ పట్టణం కంసాలులు వెండి మీద చెక్కిన గీతల్లో నల్లని మిశ్రమం నింపి బొమ్మలు తీసేవారు. 1915లో ఆర్మేనియన్ల మీద సాగిన మారణకాండలో ఆ పట్టణంలోని వాళ్ల జీవితమే తుడిచిపెట్టుకుపోయింది. బతికి దేశాలు పట్టినవాళ్ల పిల్లలు ఇవాళ దానిమ్మకాయ లాకెట్లు, 405లో మెస్రోప్ మష్టోట్స్ కూర్చిన అక్షరాల చెవిపోగులు పెట్టుకుంటారు. ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని వెర్నిసాజ్ సంతలో చేతిపని నగలకు గిరాకీ బాగా ఉంది.  

మన నగరాల్లోనూ లంబాడీలకున్న మరో పేరు ‘బంజారా’తో జుంకాలు, హారాలు, సంచులు బాగా అమ్ముడవుతున్నాయి. జుంకాల్లో చాలామటుకు అచ్చుల్లో పోత పోసినవి. అదీగాక తండాలో వెండి పని ఎప్పుడూ ఆడవాళ్ల చేతిలో లేదు. తండాను అంటిపెట్టుకున్న సోనార్లో, పక్క ఊరి కంసాలులో నగలు చేసిపెట్టేవారు. ఆడవాళ్ల సొంత విద్య సూది. ఇవాళ నిలబెట్టాల్సింది, కూలి గిట్టాల్సింది ఆ సూదికేనని నా గట్టి నమ్మకం.

అద్దం కుట్టే తీరు దగ్గర కూర్చుని చూడాలి. అద్దానికి రంధ్రం ఉండదు, నిలిపేది దారమే. ముక్కను గుడ్డ మీద వేలితో అదిమి పట్టి, అంచుల మీదుగా అడ్డంగా, నిలువుగా దారాలు లాగి చిన్న చట్రం కడతారు. తర్వాత ఆ చట్రంలోకి సూది దూర్చి, ఒకసారి దారాన్ని, ఒకసారి గుడ్డను పట్టుకుంటూ చుట్టూ తిరుగుతారు. కుట్టు బిగిసేకొద్దీ దారాలు అంచులకు జరిగి, నడుమ అద్దం గుండ్రంగా తేలుతుంది. దారం వదులైతే అద్దం జారిపోతుంది, మరీ లాగితే గుడ్డ ముడుచుకుంటుంది. ఒక కాంచళికి ఇలాంటివి పదుల కొద్దీ కావాలి.

కర్ణాటకలో ఇదే జనం చేసే సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. అక్కడి ఆడవాళ్లు సంస్థగా ఏర్పడి సంచులు, దిండు గలీబులు కుట్టి అమ్ముతున్నారు. గాంధారి తండాల్లో సూది పట్టిన అవ్వలు ఉండగానే మనుమరాళ్లకు ఆ పని కూలి గిట్టే పనిగా అందాలి. కొనేవాళ్లు చేయగలిగినదీ ఉంది. సంచి కొనేముందు వీలైతే అస్తరు పక్కకు జరిపి లోపలివైపు చూడండి. చేతి కుట్టయితే దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దాటిన జాడ, ముడులు కనిపిస్తాయి, అద్దం అంచున ప్లాస్టిక్ రింగు గానీ జిగురు గానీ ఉండదు. అలాంటి దానికి ఎన్ని రోజుల పని పట్టిందో అడిగి, ఆ రోజుల కూలి లెక్కన ధర కట్టండి.