వీధినీ ఓ మాట అడగాలి

తెలంగాణలో మద్యం దుకాణాలు 2,620. వాటి లైసెన్సు కోసం 2023లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు కట్టించుకున్నారు. లాటరీలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అయినా లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు 2,600 కోట్లు దాటి చేరాయి. 2025లో రుసుమును 3 లక్షలు చేస్తే దరఖాస్తులు తగ్గాయి, రాబడి మాత్రం 2,800 కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 దుకాణాలకు లాటరీ తీసినప్పుడూ దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. ఇంతమంది పాల్గొనే ఈ తంతులో ఎక్కడా మాట చెల్లనిది ఒక్కరికే: దుకాణం ఎవరి ఇంటి పక్కన తెరుచుకోబోతోందో ఆ వీధివాళ్లకు. మద్యం మంచిదా చెడ్డదా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఈ కథనం అడిగేది అంతకన్నా చిన్న ప్రశ్న, జవాబు చెప్పడానికి వీలున్న ప్రశ్న. ఇళ్ల మధ్యకు వైన్స్ వచ్చే ముందు ఆ ఇళ్లవాళ్లను ఎందుకు అడగకూడదు?

లాటరీ తగిలినవాడికి దక్కేది ఒక నంబరు, ఒక ప్రాంతం. ఆ ప్రాంతంలో ఏ షట్టరు అద్దెకు తీసుకోవాలన్నది అతని ఇష్టం. హైదరాబాద్‌లాంటి నగరంలో ఏడాదికి కోటీ 10 లక్షలు లైసెన్సు ఫీజు కట్టేవాడు జనం ఎక్కువ తిరిగే మలుపునే వెతుక్కుంటాడు. వ్యాపారిగా అది సహజం. ఎక్సైజ్ అధికారులు వచ్చి దూరం కొలుస్తారు. గుడి, మసీదు, చర్చి, గుర్తింపు పొందిన బడి లేదా కాలేజీ, ఆసుపత్రి 100 మీటర్ల లోపు ఉండకూడదు. ప్రైవేటు ఆసుపత్రి అయితే కనీసం 30 పడకలుంటేనే లెక్కలోకి వస్తుంది. కొలత కూడా మనిషి నడిచి వెళ్లే దారి వెంటే, దుకాణం గుమ్మం మధ్య నుంచి బడి గేటు మధ్యకు. అంటే గోడకు గోడ 60 మీటర్లే ఉన్నా గేటు అవతలి వీధిలో ఉంటే నిబంధన నెగ్గినట్టే. ఆ జాబితాలో బస్టాపు లేదు, పార్కు లేదు, ఆడపిల్లల హాస్టలు లేదు, ట్యూషన్ సెంటరు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇల్లు లేదు. ఒక కుటుంబం కాపురముండే గుమ్మానికీ మద్యం దుకాణానికీ మధ్య ఇంత దూరం ఉండాలన్న మాటే అందులో కనబడదు.

కాలనీకి సంగతి తెలిసేది షట్టరుకు రంగులు పడి, ఫ్రిజ్‌లు దిగుతున్నప్పుడు. అప్పుడు మహిళలు టెంటు వేసుకుని కూర్చుంటారు, కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇస్తారు, కాస్త శక్తి ఉన్నవాళ్లు హైకోర్టులో రిట్ వేస్తారు. కానీ అప్పటికే లైసెన్సుదారు ఫీజు వాయిదా కట్టాడు, అద్దె అడ్వాన్సు ఇచ్చాడు, సరుకు దించాడు. దూరం సరిపోయింది, మేమేం చేయలేమని అధికారులు అంటే వాళ్ల కోణంలో అదీ నిజమే. వీధి మాట వినాల్సిన ఘడియ దాటిపోయాక వినడం మొదలవుతుంది. తప్పు మనుషుల్లో కన్నా ఈ వరసలో ఎక్కువ ఉంది. దుకాణం తెరిచాక పక్కనే పర్మిట్ రూమ్, పర్మిట్ రూమ్ నిండితే ఫుట్‌పాత్ మీద సిట్టింగ్, ఎదురుగా మంచింగ్ బండ్లు, చీకటి పడితే అడ్డదిడ్డంగా బైకులు, పొద్దున్నే ప్లాస్టిక్ గ్లాసులు, పగిలిన సీసాలు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చే ఆడవాళ్లు చుట్టుదారి పడతారు. ఇదంతా ఎక్సైజ్ లెక్కల్లో ఏ పద్దు కిందా రాదు.

దుకాణం ఉన్నచోటికీ వీధి భద్రతకూ సంబంధం ఉందా అంటే, ఉందనే ఆధారాలు చెబుతున్నాయి. 1992లో లాస్ ఏంజెలెస్ అల్లర్లలో దక్షిణ ప్రాంతంలోనే సుమారు 200 మద్యం దుకాణాలు దెబ్బతిన్నాయి. తర్వాతి కాలంలో ఆ నగరానికి మేయరు అయిన కేరెన్ బాస్ అప్పట్లో అక్కడి పౌరసంఘాన్ని నడిపేవారు. మా పేట మళ్లీ కట్టండి, మద్యం దుకాణాలు మాత్రం మళ్లీ కట్టకండి అన్నది వాళ్ల ఉద్యమం; చాలా దుకాణాలు తిరిగి తెరుచుకోలేదు. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, దుకాణాలు మూతపడిన చోట్ల ఏడాది తిరిగేసరికి దాడులు తగ్గడం మొదలై, ఆ తగ్గుదల ఐదేళ్లదాకా నిలిచినట్టు తేలింది. బాల్టిమోర్‌లో 2018 నాటి అధ్యయనం ప్రకారం మద్యం అందుబాటు 10 శాతం ఎక్కువున్న చోట హింసాత్మక నేరాలు 4 శాతానికి పైగా ఎక్కువ. ఆ నగరం అంతకు ముందే, 2017లో, ఇళ్ల మధ్య ఉన్న దుకాణాలకు రెండేళ్ల గడువిచ్చి మద్యం అమ్మకం మానుకోవాలని నగర నియమావళిలోనే రాసుకుంది. అమెరికా వీధి వేరు, మన వీధి వేరు, ఒప్పుకుందాం. కానీ సరుకు చేతికందే దూరంలో ఉంటే వాడకం పెరుగుతుందన్నది ఏ దేశానికైనా వర్తించే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో దేశాలకు సూచించిన ఐదు చర్యల్లో మొదటిది అందుబాటును తగ్గించడం. ప్రకటనలను కట్టడి చేయడం మరొకటి. ఇక మన సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగే అలవాటు దేశం మొత్తం మీద 19 శాతం లోపు, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం, తెలంగాణలో 43 శాతం. ఇంత తేడా ఉన్నచోట దుకాణం ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయం కాదు.

కనబడటం కూడా ఒక హాని అని మన సుప్రీంకోర్టు ఎప్పుడో గుర్తించింది. 2016 డిసెంబరు 15న, తమిళనాడుకు సంబంధించిన కె.బాలు కేసులో, జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపు మద్యం దుకాణం ఉండకూడదని తీర్పిచ్చింది. చాలామందికి గుర్తున్నది ఆ దూరమే. కానీ అదే తీర్పులో ఇంకో రెండు మాటలున్నాయి: దుకాణం రహదారి మీది నుంచి కంటికి కనబడకూడదు, ఇక్కడ మద్యం దొరుకుతుందని చెప్పే బోర్డులు, ప్రకటనలు ఉండకూడదు. బండి నడిపేవాడి చూపు మీద పడినా ప్రమాదమేనన్నది అందులోని ఆలోచన. 2017 మార్చిలో చిన్న ఊళ్లకు ఆ దూరం 220 మీటర్లకు తగ్గింది. జులైలో పురపాలక ప్రాంతాల్లోని లైసెన్సు దుకాణాలకు ఆ నిషేధం వర్తించదని కోర్టే స్పష్టం చేసింది. అలా నగరం ఆ రక్షణ బయట మిగిలిపోయింది. లారీ డ్రైవరు చూపును కాపాడిన చట్టం బడికి నడిచివెళ్లే పిల్లల చూపును గాలికొదిలేసింది.

ప్రకటనల విషయంలో కాగితం మీద కట్టుదిట్టాలకు లోటు లేదు. టీవీలో మద్యం ప్రకటనలు కేబుల్ టెలివిజన్ నిబంధనల కింద నిషిద్ధం. అందుకని అదే పేరు, అదే అక్షరాలు, అదే రంగు సోడా మీద, మంచినీళ్ల సీసా మీద, మ్యూజిక్ సీడీ మీద వచ్చాయి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ ముసుగు ప్రకటనలను నిషేధించింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. అయినా క్రికెట్ మ్యాచ్ చూస్తూ ఏ పేరు దేనిదో చెప్పలేని పదేళ్ల పిల్లవాడు మన ఇళ్లలో అరుదు. టీవీ సంగతి ఢిల్లీ చూసుకోవాలి సరే, వీధిలో కనబడే ప్రకటన మాత్రం మన చేతిలోదే. వైన్స్ ముందు దీపాలతో వెలిగే బోర్డు, షట్టరు మీద బీరు బ్రాండు బొమ్మ, లోపలి అరలన్నీ రోడ్డు మీదికి కనబడే అద్దాలు, ఇవన్నీ కలిసి దుకాణమే ఒక హోర్డింగు. సిగరెట్లు అమ్మేచోట పెట్టే బోర్డు 60 బై 45 సెంటీమీటర్లు దాటకూడదని పొగాకు నిబంధనలు చెప్పాయి. మద్యానికీ అదే కొలత పెట్టవచ్చు. దుకాణం పేరు, లైసెన్సు నంబరు, వేళలు, ఇవి చాలు. ప్రకటన బ్రాండు మార్పిస్తుందే తప్ప కొత్తగా తాగుడు నేర్పదని కంపెనీలు వాదిస్తాయి. పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు అందుకు విరుద్ధంగా ఉన్నాయి: ప్రకటనలు ఎక్కువ చూసినవాళ్లు తాగుడు ముందుగా మొదలుపెడుతున్నారు, మొదలుపెట్టాక ఎక్కువ తాగుతున్నారు. ఫ్రాన్స్ 1991లో చట్టం చేసి ప్రకటనలకు కళ్లెం వేసింది. లిథువేనియా 2018 నుంచి దాదాపు పూర్తిగా ఆపేసింది.

ఇక అభ్యంతరాలు. తాగేవాడు ఎంత దూరమైనా పోతాడు, షాపు జరిపితే ఏం లాభం అంటారు. అలవాటు ముదిరినవాడు పోతాడు, నిజమే. కానీ కూలి డబ్బులు జేబులో పెట్టుకుని ఇంటిదారి పట్టినవాడికి మలుపులోనే షాపు ఉండటం వేరు, మూడు కిలోమీటర్లు వెనక్కి పోవాల్సి రావడం వేరు. దూరం కూడా ఒక ధరే. రెండో మాట, కట్టడి చేస్తే గుడుంబా వస్తుందని. ఇక్కడ అడుగుతున్నది మద్యనిషేధం కాదు. 1995లో మొదలైన నిషేధాన్ని 1997లో ఎందుకు ఎత్తేయాల్సి వచ్చిందో తెలుగువాళ్లకు మరొకరు చెప్పనక్కర్లేదు. అయినా, నిషేధమున్న బిహార్‌లోని సారణ్ జిల్లాలో 2022 డిసెంబరులో కల్తీ సారాకు జనం చచ్చిపోయారు. ప్రభుత్వమే దుకాణాలు నడిపే తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 2024 జూన్‌లో 60 మందికి పైగా చచ్చిపోయారు. కల్తీ సారా పోలీసు నిఘాకు సంబంధించిన సంగతి. కాలనీ మధ్య షాపు ఉన్నంత మాత్రాన అది ఆగదు. మూడోది ఖజానా. తెలంగాణకు మద్యం మీద ఏటా వచ్చేది 30 వేల కోట్లకు పైమాటే. సందులోని దుకాణం వ్యాపార వీధికి జరిగినంత మాత్రాన అమ్మకం మాయమైపోదు. కొంత తగ్గవచ్చు, ఆ మాట దాచక్కర్లేదు. ఆ తగ్గిన మేరకు ఇంటి ఖర్చులకు మిగిలే డబ్బును కూడా లెక్కలో వేయాలి. లైసెన్సుదారు హక్కు మాటేమిటంటే, మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు ఖోడే డిస్టిలరీస్ కేసులో 1994లోనే తేల్చింది.

నాలుగో అభ్యంతరం వీటన్నిటికన్నా బరువైనది. వీధిని అడగడం మొదలుపెడితే లాయర్లూ పలుకుబడీ ఉన్న కాలనీలు వద్దంటాయి, దుకాణాలన్నీ బస్తీల్లోకి నెట్టుకొస్తాయి. ఈ భయం నిజమైనదే. అయితే ఇప్పుడు జరుగుతున్నదీ అదే కాదా? రిట్ వేయగల కాలనీ షాపును తప్పించుకుంటుంది, రోజుకూలి పోగొట్టుకుని టెంటులో కూర్చోలేని బస్తీ భరిస్తుంది. అందుకే అడగడం ఒక్కటే చాలదు. ఒక్కో డివిజన్‌లో జనాభాను బట్టి ఇన్నే దుకాణాలన్న పరిమితి, దుకాణానికీ దుకాణానికీ మధ్య కనీస దూరం కూడా రాయాలి. ఆ పైన బస్తీలో ఉంటూ ఇళ్లల్లో పనిచేసే ఆమెకు గేటెడ్ కమ్యూనిటీలో ఉండే ఆమెతో సమానంగా ఒక ఓటు దక్కాలి. పలుకుబడి లేనివాళ్లకు రహస్య ఓటే పెద్ద అండ.

ఇది ఊహాగానం కాదు. మహారాష్ట్రలో 2008 నాటి ఉత్తర్వు ప్రకారం పల్లెలోనైనా నగరంలోని వార్డులోనైనా నాలుగోవంతు మహిళా ఓటర్లు సంతకాలు చేసి అడిగితే పోలింగ్ పెడతారు. బ్యాలెట్ మీద రెండు గుర్తులు: నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. సగం మందికి పైగా పడుకున్న సీసాకు వేస్తే దుకాణం మూయాల్సిందే. హౌసింగ్ సొసైటీ ఆవరణలో కొత్తగా మద్యం షాపు పెట్టాలంటే సొసైటీ సమ్మతి తప్పనిసరి చేస్తామని 2025లో ఆ ప్రభుత్వం శాసనసభలో ప్రకటించింది. రాజస్థాన్‌లో రాజ్‌సమంద్ జిల్లా కాచ్‌బలీ పంచాయతీ 2016లో ఓటేసి తమ షాపు మూయించింది. మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకూ పంచాయతీకీ మద్యం అమ్మకాన్ని ఆపే, నియంత్రించే అధికారం ఇవ్వాలంది. గిరిజన గూడేనికి చట్టం ఒప్పుకున్న మాట, నగరంలో డివిజన్‌కు ఎందుకు లేదు?

ఈ ప్రశ్న తెలుగు నేలకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు మొదట అడిగింది మా ఊళ్లో సారా దుకాణం ఉండొద్దని. ఉద్యమం జిల్లా అంతా పాకాక వాళ్లు సారా వేలంపాటలనే జరగనివ్వలేదు. ఎక్కడ నిర్ణయం జరుగుతుందో అక్కడికే వెళ్లి నిలబడటంలో వాళ్ల తెలివి ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. ఆ తర్వాత పాట పోయి లాటరీ వచ్చింది. మధ్యలో 2019 నుంచి ఐదేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, మళ్లీ ప్రైవేటుకు ఇచ్చింది. విధానం ఇన్నిసార్లు మారినా, వీధిని అడిగే పద్ధతి మాత్రం ఏ విధానంలోనూ రాలేదు.

చేయాల్సింది పెద్ద పని కాదు. లాటరీ తీసే ముందే ఏ వీధుల్లో దుకాణం పెట్టవచ్చో డివిజన్ వారీగా గీసి, ఆ పటాన్ని వార్డు ఆఫీసులో అంటించి, నెల రోజులు అభ్యంతరాలు వినాలి. నాలుగోవంతు మహిళలు అడిగితే ఓటింగ్ పెట్టాలి. అప్పుడు లైసెన్సుదారుకూ మేలే, కట్టిన డబ్బుకు గొడవ లేని చోటు దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఇచ్చిన లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30, తెలంగాణలో 2025లో ఇచ్చినవాటికి 2027 నవంబరు 30. ఈ నిబంధన కొత్త నోటిఫికేషన్‌లోనే ఉండాలి. షట్టరుకు రంగులు పడేదాకా ఆగకుండా, మీ కాలనీ సంఘం, మీ బస్తీ మహిళా సంఘం ఇప్పుడే ఆ వినతిపత్రం రాయండి.